గాల్వెస్టన్ నుంచి క్రూజ్: మన కూల్‌డ్రింకులు, వైన్, టీ పొడి ఎంతవరకు తీసుకెళ్లనిస్తారు?

#1 ఫ్రిస్కో_కోడలు

అందరికీ నమస్తే. స్ప్రింగ్ బ్రేక్‌లో టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి 7 రాత్రుల క్రూజ్‌కి వెళ్దామనుకుంటున్నాం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అత్తయ్య, మావయ్య. ఆరుగురం, రెండు గదులు. కంపెనీ కార్నివాల్ అయినా రాయల్ కరీబియన్ అయినా పర్లేదు, ఇంకా ఖాయం చేయలేదు.

టికెట్ రేటు చూస్తే బాగానే ఉంది. తీరా డబ్బు కట్టే పేజీకి వచ్చేసరికి డ్రింక్ ప్యాకేజీ (రోజుకింత అని ముందే కట్టేసే పానీయాల పథకం) తీసుకుంటారా అని అడుగుతోంది. ఆ లెక్క కలిపితే ఇంకో మనిషి టికెట్ అంత అవుతోంది. మా ఆయన రాత్రి భోజనంతో ఒక గ్లాసు వైన్ తాగుతారు, అంతే. నేను ముట్టను. పిల్లలకి స్ప్రైట్ కావాలి. అత్తయ్యకి రోజుకు మూడు నాలుగు సార్లు టీ పడాలి. మావయ్యకి సీసా నీళ్లు తప్ప గొంతు దిగవు.

ఇంటి నుంచి ఏవి తీసుకెళ్లవచ్చు? ప్యాకేజీ లేకపోతే ఇబ్బంది పడతామా? వెళ్లొచ్చిన వాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

#2 పైసా_వసూల్

అక్కా, ముందు రూల్స్ చెప్తాను. ఈ రెండు కంపెనీల రూల్స్ చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ చిన్న చిన్న తేడాలు ఉన్నాయి. చెకింగ్ దగ్గర ఇబ్బంది వచ్చేది ఆ తేడాల వల్లే.

కార్నివాల్: 21 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరూ 750 మి.లీ. వైన్ గానీ షాంపేన్ గానీ ఒక్క సీసా తెచ్చుకోవచ్చు. సీల్ తీసి ఉండకూడదు. కూల్‌డ్రింకులు, జ్యూస్, సోడా, పాలు లాంటివి మనిషికి 12 వరకు తెచ్చుకోవచ్చు, కానీ క్యాన్ గానీ అట్ట డబ్బా గానీ అయి ఉండాలి, ఒక్కోటి 12 ఔన్సులు (355 మి.లీ.) దాటకూడదు. ప్లాస్టిక్ సీసాలు, గాజు సీసాలు కుదరవు. మంచినీళ్ల సీసాలకూ ఇదే వర్తిస్తుంది.

రాయల్ కరీబియన్: 21 నిండిన వాళ్లకి మనిషికి ఒక 750 మి.లీ. వైన్ సీసా. మద్యం కానివి మనిషికి 12. ఇక్కడ క్యాన్లతో పాటు సీసాలకూ ఒప్పుకుంటారు, పరిమాణం 17 ఔన్సుల (సుమారు అర లీటరు) వరకు. అంటే మనం కాస్ట్‌కో స్టోర్‌లో కొనే 16.9 ఔన్సుల నీళ్ల సీసా రాయల్‌లో చెల్లుతుంది, కార్నివాల్‌లో చెల్లదు. మీ మావయ్యగారికి సీసా నీళ్లే కావాలంటే ఈ ఒక్క విషయం మీదే షిప్ ఎంచుకోవచ్చు.

రెండింటికీ కలిపి గుర్తుంచుకోవాల్సింది: ఎక్కే రోజు మాత్రమే, అదీ చేతి బ్యాగులోనే. పోర్టర్‌కి ఇచ్చే పెద్ద సూట్‌కేసుల్లో పెట్టకూడదు. బీరు, విస్కీ, వోడ్కా, రమ్ ఒక్క చుక్క కూడా కుదరదు.

మనిషికి 12 అంటే పిల్లలకూ లెక్కే. మీ ఆరుగురికీ కలిపి 72. అన్ని అవసరం కూడా ఉండదు.

#3 గోదారి_గట్టు

పైసా_వసూల్ గారు చెప్పిన రెండూ సరే. ఈ పేజీ చూసే మిగతావాళ్ల కోసం వేరే కంపెనీలవి కూడా రాస్తున్నాను.

నార్వేజియన్‌ది తిరకాసు పద్ధతి. వైన్ సీసాలు ఎన్నైనా తెచ్చుకోవచ్చు, కానీ 750 మి.లీ. సీసాకి 15 డాలర్లు, పెద్ద సీసాకి 30 డాలర్లు కట్టాలి. అదే కోక్ క్యాన్, నీళ్ల సీసా మాత్రం తేనివ్వరు. పసిపిల్లల పాలపొడి కలపడానికో, నిద్రలో శ్వాస కోసం వాడే సీప్యాప్ మెషిన్‌కో అయితే సీల్ తీయని శుద్ధి చేసిన నీళ్లకు మినహాయింపు ఉంది.

డిస్నీ అన్నిటికన్నా ఉదారం. పెద్దవాళ్లు మనిషికి రెండు వైన్ సీసాలు గానీ ఆరు బీర్లు గానీ తెచ్చుకోవచ్చు. పైగా సోడా మెషిన్ దగ్గర కూల్‌డ్రింకులు ఉచితం. టికెట్ ధరలో అదంతా ముందే కలిసి ఉంటుందనుకోండి.

ఎమ్మెస్సీ అనే క్రూజ్ కంపెనీ ఇప్పుడు గాల్వెస్టన్ నుంచి కూడా నడుస్తోంది. రేటు తక్కువని చాలామంది అటు చూస్తున్నారు. వాళ్లు బయటి తిండి, బయటి పానీయాలు రెండూ వద్దంటారు. టికెట్‌లో మిగిలింది అక్కడ ఖర్చయిపోతుందేమో లెక్క వేసుకునే బుక్ చేయండి.

ఈ రూల్స్ మారుతుంటాయి. బయల్దేరే వారం ముందు మీరు బుక్ చేసిన కంపెనీ పేజీ ఒకసారి చదివి, దాన్ని ఫోన్‌లో సేవ్ చేసుకోండి. చెకింగ్ దగ్గర మాటా మాటా వస్తే చూపించడానికి ఉంటుంది.

#4 ఫ్రిస్కో_కోడలు

చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. ఒక సందేహం. నీళ్ల సీసాతో వాళ్లకి వచ్చిన నష్టమేంటి? వైన్ తెచ్చుకోమని మంచినీళ్లు వద్దనడం ఏంటో నాకు అర్థం కావట్లేదు. ఇంకోటి, షిప్‌లో కొళాయి నీళ్లు నిజంగా తాగవచ్చా? మావయ్యగారికి ఎలా నచ్చజెప్పాలి?

#5 డెక్_5

అమ్మా, నేను చాలాకాలం క్రూజ్ షిప్పుల బార్లలో పనిచేశాను. మాది విజయనగరం దగ్గర. ఈ రెండిటికీ నేను జవాబు చెప్తాను.

నీళ్ల సీసాల మీద నిషేధం 2015లో వచ్చింది. కార్నివాల్, నార్వేజియన్ రెండూ ఆ వేసవిలోనే పెట్టాయి. అంతకుముందు జనం నీళ్ల సీసాలో వోడ్కా, కోక్ సీసాలో రమ్ పోసి, మూత మళ్లీ బిగించి తెచ్చేవారు. ఒక్కో షిప్‌కి మూడు నాలుగు వేల మంది ఎక్కుతారు. వాళ్ల చేతుల్లోని ప్రతి సీసా తీసి చూస్తూ కూర్చుంటే మధ్యాహ్నం బయల్దేరాల్సిన షిప్ రాత్రికి కూడా కదలదు. క్యాన్ అయితే ఆ బాధ లేదు, ఒకసారి తెరిస్తే మళ్లీ మూయలేం. అందుకే క్యాన్‌కి అవునని, సీసాకి కాదని అన్నారు. షిప్‌లో నీళ్లు అమ్ముకోవడానికే ఇలా చేశారని చాలామంది అంటారు. అందులోనూ కొంత నిజం ఉండవచ్చు. కానీ ఆ సీసాల తలనొప్పి నేను దగ్గరుండి చూశాను.

ఇక కొళాయి నీళ్ల సంగతి. షిప్‌లో నీళ్లు రెండు రకాలుగా వస్తాయి. రేవులో నింపుకునేవి కొన్ని. మిగతావి సముద్రపు నీటి నుంచి షిప్‌లోనే తయారవుతాయి. ఇంజిన్ల వేడితో, తక్కువ ఒత్తిడిలో సముద్రపు నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తారు. లేదంటే మన ఇళ్లలో ఉండే ఆర్వో పద్ధతినే పెద్ద ఎత్తున వాడతారు. తర్వాత ఖనిజాలు కలిపి, క్లోరిన్ వేస్తారు. రుచి కాస్త తేడాగా అనిపించేది ఆ క్లోరిన్ వల్లే. అమెరికా రేవులకు వచ్చే షిప్పులను సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) వాళ్లు చెప్పకుండా వచ్చి తనిఖీ చేస్తారు. 100 మార్కులకు 86 వస్తేనే పాస్. అందులో తాగునీటి మీద పెద్ద భాగమే ఉంటుంది. ఏ షిప్‌కి ఎన్ని మార్కులు వచ్చాయో సీడీసీ సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. మావయ్యగారికి ఆ పేజీ చూపించండి. ఇండియాలో ఇంటి ఆర్వో నీళ్లు తాగే మనిషికి ఇవి కొత్తేమీ కాదు.

ఒక ఖాళీ స్టీల్ సీసా వెంట పెట్టుకోండి. బఫే దగ్గర ఐసు, చల్లటి నీళ్లు ఎప్పుడూ ఉంటాయి. చల్లగా ఉంటే క్లోరిన్ వాసన తెలియదు.

#6 బందరు_లడ్డు

నా అభిప్రాయం వేరే. ఆరుగురు కుటుంబం టికెట్లకే వేల డాలర్లు పెడుతున్నారు. అలాంటిది 20 డాలర్ల కోక్ క్యాన్ల కోసం, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని, క్యూలో నిలబడి, బరువులు మోసుకుంటూ వెళ్లడం ఎందుకు? సెలవు రోజుల్లో కూడా పైసా పైసా లెక్కేసుకుంటూ ఉంటే ఆ సెలవు ఇంకెందుకు? మావాళ్లతో వెళ్లినప్పుడు నేను ఇవేమీ పెట్టుకోలేదు. పిల్లలకి సోడా ప్యాకేజీ తీసుకున్నాను, ప్రశాంతంగా తిరిగొచ్చాం.

#7 పైసా_వసూల్

అన్నా, మీ మాట కాదనను. కానీ 20 డాలర్లు అన్నారు కాబట్టి అసలు లెక్క ఇక్కడ పెడతాను, ఎవరికి ఏది నచ్చితే అది చేసుకుంటారు.

షిప్‌లో కూల్‌డ్రింక్ సుమారు 3 డాలర్లు అనుకుందాం. దాని మీద 18 శాతం సర్వీస్ చార్జీ తప్పనిసరి. అంటే 3.54. ఇద్దరు పిల్లలు రోజుకు రెండేసి తాగితే 7 రోజులకు 28 క్యాన్లు, 99 డాలర్లు దాటుతుంది. అవే 28 క్యాన్లు ఊళ్లో కొంటే 20 డాలర్ల లోపు. మిగిలేది 80 డాలర్లు.

వైన్: ఒక సీసాలో 150 మి.లీ. చొప్పున ఐదు గ్లాసులు. అక్క, బావ చెరో సీసా తీసుకెళ్తే పది గ్లాసులు. షిప్‌లో గ్లాసు 12 డాలర్లు అనుకున్నా 18 శాతం కలిపి 14.16. పది గ్లాసులు 141 డాలర్లు. కాస్ట్‌కోలో ఓ మోస్తరు సీసాలు రెండూ కలిపి 25 డాలర్లకు వస్తాయి. బావగారు రోజుకి ఒక గ్లాసే అంటున్నారు కాబట్టి 7 రాత్రులకు రెండు సీసాలు సరిపోయి ఇంకా మిగులుతాయి. రెండూ ఒకేసారి తీయకండి. తీసిన వైన్ మూడు నాలుగు రోజుల తర్వాత పులిసిపోతుంది. మొదటిది అయ్యాకే రెండోది.

ఇప్పుడు ప్యాకేజీ. మద్యంతో కూడిన పెద్ద ప్యాకేజీ ధర షిప్‌ని బట్టి, తేదీని బట్టి మారుతుంది. రోజుకు 80 డాలర్లు చూపించిందనుకుందాం. 18 శాతం కలిపితే 94.40. 7 రోజులకు ఒక్కరికి 660 డాలర్ల పైమాటే. షిప్‌లో కాక్‌టెయిల్ 14 డాలర్లు, చార్జీతో 16.52. అంటే రోజూ ఆరు కాక్‌టెయిల్స్ తాగితే గానీ ఆ ప్యాకేజీ గిట్టుబాటు కాదు, అదీ షిప్ దిగి ఊరు చూసే రోజులతో సహా. రోజుకో గ్లాసు వైన్ తాగే మనిషికి ఇది ఏ లెక్కన చూసినా దండగ.

మొత్తం కలిపి అక్కవాళ్లకి మిగిలేది కొన్ని వందల డాలర్లు. పిల్లలకి మెక్సికోలోని కోజుమెల్‌లో ఒక మంచి స్నార్కెలింగ్ టూర్ దాంతో అయిపోతుంది.

#8 బందరు_లడ్డు

లెక్క బాగుంది తమ్ముడూ, ఒప్పుకుంటాను. వైన్, ప్యాకేజీ గురించి నువ్వు చెప్పింది న్యాయమే. క్యాన్ల మీద మాత్రం నా మాట మారదు. 28 క్యాన్లు అంటే పది కిలోల పైన బరువు. చేతి బ్యాగులోనే మోయాలి అంటున్నావు కదా. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, చిన్నపిల్లలు వెంట ఉన్నప్పుడు ఆ బరువు ఎవరి మీద పడుతుందో ముందే ఆలోచించుకోవాలి. మా ఇంట్లో అయితే అది నా మీదే పడుతుంది.

#9 ఫిల్టర్_కాఫీ

కోలాల గురించి ఇంత చర్చ జరిగింది, టీ సంగతి ఎవరూ ఎత్తలేదు. మన పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు రోజు బాగా గడవాలంటే అదే ముఖ్యం.

షిప్‌లో టీ ఉచితమే, కానీ వేడి నీళ్లలో టీ బ్యాగ్ ముంచుకుని తాగే టీ. పాలు పోసి మరిగించిన టీ దొరకదు. మీ అత్తయ్యగారికి మొదటి పొద్దున్నే నిరాశ ఎదురవుతుంది. దానికి నేను చేసేది ఇది: పాలపొడి, చక్కెర కలిసి ఉండే ఇన్‌స్టంట్ మసాలా టీ సాషేలు ఇండియన్ స్టోర్‌లో దొరుకుతాయి. గిర్నార్, వాఘ్ బక్రీ రెండూ ఉంటాయి. పొడి కాబట్టి ఈ క్యాన్లు, సీసాల గొడవే రాదు. బఫేలో వేడి నీళ్లు ఎప్పుడూ ఉంటాయి, కప్పులో పొడి వేసి కలుపుకోవడమే. ఇంకొంచెం చిక్కగా కావాలంటే సీరియల్ దగ్గర పాలు పెడతారు, కొంచెం పోసుకోవచ్చు. కాఫీ మనుషులైతే ఇన్‌స్టంట్ కాఫీ సాషేలు. మా ఇంట్లో కాంటినెంటల్ వాడతాం, గుంటూరు జిల్లా దుగ్గిరాలలో ఫ్యాక్టరీ ఉన్న కంపెనీది. డికాక్షన్ సీసాలో పోసుకుని వెళ్దామని మాత్రం అనుకోకండి. ఇంట్లో తయారుచేసిన ద్రవం ఏదైనా చెకింగ్‌లోనే ఆపేస్తారు.

మజ్జిగ: పొద్దున బఫేలో చప్పటి పెరుగు ఉంటుంది. గ్లాసులో రెండు గరిటెలు వేసి, చల్లటి నీళ్లు, ఉప్పు కలిపి ఫోర్కుతో గిలక్కొడితే చాలు. చిన్న జిప్ కవర్‌లో శొంఠిపొడి గానీ జీలకర్ర పొడి గానీ వేరేగా కట్టుకోకుండా, స్టోర్‌లో కొన్న సీల్డ్ ప్యాకెట్‌నే తీసుకెళ్లండి. నిమ్మకాయ ముక్కలు టీ దగ్గరే పెడతారు. నీళ్లు, చక్కెర, చిటికెడు ఉప్పు వేసుకుంటే నిమ్మరసం రెడీ. సముద్రం మీద ఎండ తెలియకుండానే లాగేస్తుంది. పెద్దవాళ్లకి ఓఆర్ఎస్ ప్యాకెట్లు కూడా నాలుగు పెట్టుకోండి.

ఇవన్నీ పోను షిప్‌లో లెమనేడ్, ఐస్డ్ టీ, మామూలు కాఫీ, హాట్ చాక్లెట్, పొద్దున పూట జ్యూస్ ఉచితం. ప్యాకేజీ లేకపోతే దాహంతో అల్లాడతామేమో అనే భయం అక్కర్లేదు.

#10 కేటీ_కుర్రాడు

మా ఫ్రెండ్స్ బ్యాచ్ అంతా మేలో వెళ్తున్నాం. అందరం బాగానే తాగుతాం, ప్యాకేజీ అంత పెట్టలేం. ఆకుపచ్చ రంగు మౌత్‌వాష్ సీసాలో వోడ్కా పోసి, ఫుడ్ కలర్ వేసి సూట్‌కేసులో పెడితే దొరకదని ఒక వీడియోలో చూశాను. సన్‌స్క్రీన్ సీసాల్లా కనిపించే ఫ్లాస్కులు కూడా అమ్ముతున్నారు. ఎవరైనా ట్రై చేశారా?

#11 మోడరేటర్

కేటీ_కుర్రాడు గారూ, దొంగచాటుగా తీసుకెళ్లే చిట్కాలు ఈ చర్చలో పెట్టవద్దని మనవి. ప్రశ్నను మాత్రం ఉంచుతున్నాం, తెలిసినవాళ్లు జవాబు ఇస్తే అందరికీ ఉపయోగపడుతుందని.

#12 డెక్_5

తమ్ముడూ, నిన్ను తిట్టడానికి రాయడం లేదు. అక్కడ ఏం జరుగుతుందో చెప్తాను, తర్వాత నీ ఇష్టం.

ప్రతి సూట్‌కేసూ ఎక్స్‌రేలోంచి వెళ్తుంది. ఆ తెర ముందు కూర్చున్న మనిషి రోజంతా చూసేది సీసాలనే. ద్రవం ఎక్కడున్నా తెర మీద తెలుస్తుంది, సీసా మీద లేబుల్ ఏముందో అతనికి అనవసరం. ఐదు రోజుల ప్రయాణానికి పెద్ద మౌత్‌వాష్ సీసాలు మూడు ఉంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. నువ్వు చూసిన వీడియోలు వాళ్లూ చూస్తారు. సన్‌స్క్రీన్ ఫ్లాస్కులు అమ్మేవాళ్లు ఏ కొత్త రకం తెచ్చినా సెక్యూరిటీ వాళ్లకి త్వరలోనే తెలిసిపోతుంది.

అనుమానం వచ్చిన సూట్‌కేసు నీ గదికి రాదు. సాయంత్రం వరకు బట్టల కోసం ఎదురుచూస్తావు. తర్వాత కింద సెక్యూరిటీ గదికి రమ్మంటారు. అమెరికన్ ప్రయాణికులు దానికి నాటీ రూమ్ అని పేరు పెట్టుకున్నారు. అందరి ముందు నీ చేతనే పెట్టె తెరిపిస్తారు. మద్యం పారబోస్తారు, తిరిగి ఇవ్వరు, డబ్బూ ఇవ్వరు. పోర్టులో కొన్న సీసాలైతే దిగే రోజు వరకు దాచి ఇస్తారు, ఇది ఆ లెక్కలోకి రాదు. గొడవ పడితే షిప్ నుంచి దించేసే హక్కు కూడా టికెట్ ఒప్పందంలో ఉంది.

ఇంకో మాట, ఇది నా మనసులోంచి చెప్తున్నాను. మూత తెరిచి మళ్లీ నింపిన సీసాలోంచి ఎంత తాగుతున్నారో ఎవరికీ లెక్క ఉండదు. బార్‌లో అయితే మనిషి తూలుతుంటే మేం పోయడం ఆపేవాళ్లం. కార్నివాల్ ప్యాకేజీలో కూడా 24 గంటలకు 15 మద్యం గ్లాసులు దాటనివ్వరు. గదిలో దాచుకుని తాగేవాళ్లను ఆపేవాళ్లు ఉండరు. బాల్కనీ ఉన్న గదిలో, రాత్రిపూట, కదులుతున్న షిప్‌లో అది చాలా ప్రమాదం. బ్యాచ్‌లో తలా ఒక వైన్ సీసా చట్టబద్ధంగానే తెచ్చుకోండి. ఆరుగురైతే ఆరు సీసాలు, ముప్పై గ్లాసులు. మిగతాది కోజుమెల్ ఒడ్డున తాగండి, అక్కడ షిప్ కంటే చవక.

#13 కేటీ_కుర్రాడు

ఓకే అన్నా, అర్థమైంది. ఆరు సీసాల లెక్క మాకు తట్టలేదు. మావాళ్లకి చెప్తాను. గదిలో వైన్ తాగితే కూడా డబ్బు కట్టాలా?

#14 డెక్_5

గదిలో తాగితే ఏమీ లేదు. కార్నివాల్‌లో ఆ సీసాను డైనింగ్ హాలుకో బార్‌కో తెస్తే 15 డాలర్లు కార్కేజ్ (సొంత సీసా అక్కడ తాగనిచ్చినందుకు ఫీజు) వేస్తారు. గదిలోనే గ్లాసులో పోసుకుని, ఆ గ్లాసు పట్టుకుని భోజనానికి రావచ్చు. చాలామంది చేసేది అదే, ఎవరూ అభ్యంతరం పెట్టరు. బిరడా కాకుండా తిప్పే మూత ఉన్న సీసా తీసుకోండి, ఓపెనర్ వెతుక్కునే పని ఉండదు.

ఒక విన్నపం. మీరు ఇంటి నుంచి తెచ్చుకుని డబ్బు మిగుల్చుకోవడంలో తప్పేమీ లేదు, అది మీ హక్కు. కానీ బార్ దగ్గర ఏదైనా కొన్నప్పుడు ఆ 18 శాతం చూసి అక్కడి కుర్రాడి మీద చిరాకు పడకండి. నేను చేసిన రోజుల్లో మా సంపాదనలో ఎక్కువ భాగం దాంట్లోంచే వచ్చేది. ఇంటికి పంపే డబ్బు అదే. మన వైపు పిల్లలు, గోవా, కేరళ పిల్లలు ఎంతోమంది ఆ పనిలో ఉన్నారు. తెలుగులో ఒక మాట మాట్లాడితే వాళ్లకి ఎంత సంతోషమో.

#15 ఫ్రిస్కో_కోడలు

డెక్_5 గారూ, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. తప్పకుండా మాట్లాడతాం.

ఒక చిన్న ప్రశ్న మిగిలింది. ఎప్పుడైనా మా ఆయన ఒక్కరికే ప్యాకేజీ తీసుకుందామనుకుంటే, నేను తాగను కాబట్టి నాకు అక్కర్లేదు కదా? సైట్‌లో ఇద్దరికీ కలిపే చూపిస్తోంది.

#16 గోదారి_గట్టు

అది సైట్ తప్పు కాదమ్మా, రూలే అంత. మద్యం ప్యాకేజీ ఒకరు తీసుకుంటే ఆ గదిలో ఉన్న 21 దాటిన వాళ్లందరూ తీసుకోవాలి. ఒకరు కొని ఇద్దరు పంచుకుంటారని ఈ కట్టుబాటు. గర్భిణులు, ఆరోగ్య కారణాల వల్ల తాగనివాళ్లు, మతపరంగా తాగనివాళ్లు రాయల్ కరీబియన్‌కి ఫోన్ చేసి చెప్తే, మద్యం లేని రిఫ్రెష్‌మెంట్ ప్యాకేజీతో సరిపెట్టే అవకాశం ఉంది. కానీ ఇది ఆన్‌లైన్‌లో కుదరదు, ఫోన్‌లోనే అడగాలి.

సోడా ప్యాకేజీకి ఈ కట్టుబాటు లేదు. పిల్లల్లో ఎవరికి కావాలంటే వాళ్లకే తీసుకోవచ్చు.

మీ విషయంలో మాత్రం పైసా_వసూల్ గారి లెక్కే నా మాట. రెండు సీసాల వైన్‌తో అయిపోయే దానికి ఇద్దరి ప్యాకేజీ పదమూడు వందల డాలర్లు దాటుతుంది. మనసులో కూడా పెట్టుకోకండి.

#17 విశాఖ_తీరం

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మేం వైజాగ్‌లో ఉంటాం. ఇక్కడి రేవు నుంచి కార్డెలియా (మన దేశపు క్రూజ్ కంపెనీ) షిప్ చెన్నై వైపు తిరిగినప్పుడు వెళ్లాలని అనుకున్నాం. ఈ క్యాన్లు, వైన్ సీసాల వెసులుబాటు అక్కడ కూడా ఉంటుందా?

#18 గోదారి_గట్టు

ఉండదండీ. కార్డెలియాలో బయటి తిండి, బయటి పానీయాలు తేనివ్వరు. మద్యం సరేసరి. అమెరికాలో ఉన్న ఈ మనిషికో సీసా పద్ధతిని అన్నిచోట్లా ఉందనుకుని వెళ్లకండి. సింగపూర్ నుంచి రాయల్ కరీబియన్ ఎక్కేవాళ్లకి ఇంకో తేడా ఉంది. అక్కడ తాగే వయసు 18, అమెరికా నుంచి బయల్దేరే షిప్పుల్లో 21.

#19 ఫిల్టర్_కాఫీ

ఇంకో ముఖ్యమైన విషయం. ఎలక్ట్రిక్ కెటిల్, నీళ్లు కాచే రాడ్, చిన్న రైస్ కుక్కర్ ఇవేవీ తీసుకెళ్లకండి. వేడి చేసే వస్తువు ఏదైనా అగ్నిప్రమాదం భయంతో తీసేసుకుంటారు. మా బంధువుల కెటిల్ ఒక షిప్‌లో పెట్టె మొత్తంతో సహా ఆపేశారు, బీపీ మందులు ఆ పెట్టెలోనే ఉండిపోయాయి. అందుకని మందులు, మార్చుకునే బట్టలు ఒక జత, పాస్‌పోర్టులు ఎప్పుడూ చేతి బ్యాగులోనే ఉంచుకోవాలి.

ఇంటి పులిహోర, ఇంటి ఆవకాయ కూడా వద్దు. సీల్ తీయని ప్యాకెట్లలో ఉన్న జంతికలు, ఖాఖ్రా, కప్ ఉప్మా లాంటివి పర్వాలేదు. కప్ ఉప్మాలో బఫే వేడి నీళ్లు పోస్తే చాలు. కార్నివాల్‌లో రాత్రి డైనింగ్ హాలులో అడిగితే ఇండియన్ వెజిటేరియన్ భోజనం కూడా పెడతారు. అత్తయ్యగారికి ఆకలి బాధ ఉండదు.

#20 డెక్_5

క్యాన్లు మోయడం గురించి బందరు_లడ్డు గారు అన్నది ఆలోచించాల్సిన మాటే. దానికి దారి చెప్తాను. అన్నీ ఒక పెద్ద డబ్బాలో పెట్టకుండా ఆరుగురి బ్యాగుల్లోకి పంచండి. పిల్లల స్కూల్ బ్యాగులో నాలుగేసి పట్టినా వాళ్లకి భారం అనిపించదు. మిగతావి చక్రాలున్న చిన్న బ్యాగులో వేయండి. కార్నివాల్‌లో చిన్న కూలర్ బాక్స్ కూడా ఒప్పుకుంటారు, పొడవు, వెడల్పు, ఎత్తు ఏదీ 12 అంగుళాలు దాటకూడదు.

మీరు డాలస్ దగ్గరి ఫ్రిస్కో నుంచి కారులో వస్తారు కాబట్టి పెద్దవాళ్లని, పెద్ద పెట్టెల్ని ముందు టెర్మినల్ దగ్గర దించేసి, తర్వాత ఒక్కరే వెళ్లి పార్కింగ్ చేసి రండి. గాల్వెస్టన్ టెర్మినళ్లు ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. కార్నివాల్ పాత ఊరి వైపు, రాయల్ కరీబియన్‌ది 2022లో కట్టిన కొత్త టెర్మినల్ 10. నంబరు సరిచూసుకునే దించండి.

#21 ఫ్రిస్కో_కోడలు

మావారితో కూర్చుని అంతా చదివాం. రాయల్ కరీబియన్ బుక్ చేశాం, మావయ్యగారి నీళ్ల సీసాల కోసమే. సీడీసీ మార్కుల పేజీ చూపించాను, సగం నమ్మారు. మొదటి రెండు రోజులకు సరిపడా సీసాలు తీసుకెళ్తాం, తర్వాత ఆయనే షిప్ నీళ్లకు అలవాటు పడతారని మా ఆశ. వైన్ రెండు సీసాలు, ఒకటి నా బ్యాగులో, ఒకటి ఆయన బ్యాగులో. స్ప్రైట్ 20 క్యాన్లు. టీ సాషేలు ఒక పెద్ద డబ్బా. ప్యాకేజీ తీసేశాం.

చివరిగా ఒక్కటి. మావారి ఆఫీసులో వాళ్లకి కోజుమెల్ నుంచి టెకీలా రెండు సీసాలు తేవాలట. తిరిగి వచ్చేటప్పుడు ఏమైనా కట్టాలా?

#22 పైసా_వసూల్

కట్టాలి అక్కా, కానీ పెద్ద మొత్తమేమీ కాదు.

పోర్టులో కొన్న సీసాలు షిప్ ఎక్కేటప్పుడే సెక్యూరిటీకి అప్పజెప్పాలి. రసీదు ఇస్తారు, జాగ్రత్తగా పెట్టుకోండి. ప్రయాణం చివర్లో తిరిగి ఇస్తారు. అమెరికా కస్టమ్స్‌లో 21 దాటిన ఒక్కొక్కరికి ఒక లీటరు వరకు సుంకం లేదు. మీవి రెండు సీసాలు, పెద్దవాళ్లు నలుగురు ఉన్నారు కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు.

కానీ గాల్వెస్టన్‌లో కస్టమ్స్ దాటాక టెక్సాస్ రాష్ట్రం వాళ్ల మద్యం విభాగం కౌంటర్ ఇంకోటి ఉంటుంది, టీఏబీసీ అని. అది కేంద్రం సుంకానికి సంబంధం లేని రాష్ట్ర పన్ను. డ్యూటీ ఫ్రీ అని రాసి ఉన్నా సరే, ప్రతి సీసాకి 3 డాలర్ల ఫీజు, దానితో పాటు కొద్దిగా పన్ను వసూలు చేస్తారు. చాలామంది ఇది తెలియక అక్కడ వాదిస్తూ క్యూ ఆపేస్తుంటారు. రసీదు, ఐడీ చేతిలో పెట్టుకుని వెళ్తే రెండు నిమిషాల పని. టెకీలా రేటు చూసేటప్పుడు ఈ ఫీజు కూడా కలుపుకుని, మీ ఊరి స్టోర్ ధరతో పోల్చుకోండి. మామూలు బ్రాండ్లలో మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. ఇక్కడ దొరకని రకమైతేనే మోసుకురండి.